చెవి అందినవాడు

తిరువళ్ళూరు బస్టాండు పక్కన టీ అంగడి గోడ మీద వాడి పోస్టరు చూసి నేను ఏడవలేదు. నాకు కోపం వచ్చింది. మా పక్క ఎవరన్నా పోతే ఫోటో వేసి, దాని కింద ఒక పక్క పుట్టిన తేదీ, ఇంకో పక్క పోయిన తేదీ అచ్చేసి గోడలకంతా అంటిస్తారు. పోయిన తేదీ సరిగ్గానే ఉండాది. పుట్టిన తేదీ తప్పు. ఏడాదిన్నర తప్పు. బతికినన్నాళ్ళూ ఏ తేదీ వాడి గొంతు మీద కాలు పెట్టి తొక్కిందో, అదే తేదీని తెచ్చి, చుట్టూ పూలదండ బొమ్మ వేసి, ఊరంతా అంటించినారు.

వాడు నాకు తమ్ముడు. మా చిన్నమ్మ కొడుకు, నాకంటే అయిదేండ్లు చిన్న. వాడు ఎప్పుడు పుట్టినాడో కాయితాలను అడిగేదెందుకు, నన్నడగండి, నేను చెప్తా.

మా ఊరు తిరుత్తణి పక్కన. అప్పటిదాకా మా తాలూకా చిత్తూరు జిల్లాలో ఉండేది. దాన్ని తీసి మద్రాసు రాష్ట్రంలో చెంగల్పట్టు జిల్లాకు కలిపేసినారు. పెద్దోళ్ళు మంచిదని కొందరు, చెడ్డదని కొందరు వీధరుగుల మీద కూర్చోని కొట్లాడుకుంటా ఉండిరి. పిల్లకాయలకు మాకేం తెలుస్తాది? మాకు తెలిసిందల్లా బడి బోర్డు మారేది. పెయింటరు నిచ్చెన వేసుకోని తెలుగు అక్షరాల మీద సున్నం కొట్టి అరవం రాస్తా ఉండాడు. నిచ్చెన జారకుండా మా బడి అయివోరు కింద పట్టుకోని నిలబడుకోని ఉండాడు. సరిగ్గా ఆ పొద్దే చిన్నమ్మకు నొప్పులొచ్చినాయి. మంత్రసానిని పిల్చుకోని రమ్మని మా అమ్మ నన్ను తరిమితే, నేను ఆ నిచ్చెన కింద దూరి పరిగెత్తితిని. "తగుల్తాది కదే, కళ్ళు నెత్తికెక్కినాయా!" అని అయివోరు అరిచినాడు. మంత్రసానితో నేను తిరిగొచ్చేటప్పటికి బోర్డు మీద సగం పేరు అయ్యింది. బిడ్డ పుట్టినాక పోయి చూస్తే మొత్తం అయ్యింది. అంటే వాడు తాలూకా మారినాక పుట్టినాడు. దీనికి సాక్షి నేను, పెయింటరు, ఇంకా ఆ నిచ్చెన పట్టుకున్న మహానుభావుడు.

పుట్టేటప్పుడే చేతులు పొడుగు. మంత్రసాని చూసి, "ఏమ్మే, వీడి చేతులు మోకాళ్ళు దాటతాయి, రాజయ్యే జాతకం" అనింది. రాజంట! ఆ చేతులే వాణ్ణి ముంచుతాయని ఆమెకేం తెలుసు.

చిన్నమ్మ కూలికి పోతే వాణ్ణి చూసేవాళ్ళు లేరు. నేను బడికి పోతే నా పావడ పట్టుకోని వెంట వచ్చేవాడు. మద్రాసు రాష్ట్రంలో కలిసినందుకు మాకు దక్కిన మంచి ఒకటి ఉండాదంటే అది బడిలో మధ్యాన్నం పెట్టే సోరు, అదే అన్నం. పొయ్యి మీద సాంబారు వాసనొస్తే మూడున్నరేండ్ల పిల్లోడు ఊరుకుంటాడా? పళ్ళెం పట్టుకోని వరసలో నిలబడ్డాడు. పేరు రాయించుకున్నోళ్ళకే సోరు అని వండేఆమె తోసేసింది. వాడు ఏడిస్తే అయివోరు పిలిచినాడు.

అప్పట్లో పిల్లోణ్ణి బడిలో చేర్చుకునేదానికి ఒకటే పరీక్ష. కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోవాల. అందితే అయిదేండ్లు నిండినట్టు. అందకపోతే పోయి వచ్చే ఏడు రా. ఎవరి పుట్టిన దినమూ ఎవరికీ గుర్తుండని ఊర్లలో ఇదే లెక్క. వీడు చెయ్యెత్తినాడు. చెవి అందడమేంది, చెవి దాటి దవడ పట్టుకున్నాడు. అందరూ నవ్వినారు. "భలే భలే, అందింది, రాసేస్తా" అని అయివోరు బడి తెరిచే నెలకు సరిగ్గా అయిదేండ్లు నిండేటట్టు ఒక తేదీ వేసినాడు. మా బడిలో సగం ఊరు అదే నెలలో పుట్టింది, ఆ రహస్యం ఇదే. చిన్నమ్మకు ఎంత సంతోషమో! బిడ్డకు ఒక పూట అన్నం దొరికింది కదా. ఆమెను నేను ఏమీ అనను. ఆకలి తెలిసినోళ్ళెవరూ అనరు.

ఆ చెయ్యి వాడికి అట్లే అలవాటయిపోయింది. పెద్దయినాక కూడా ఏదన్నా అర్థం కాకపోయినా, కోపమొచ్చినా, ఎవరన్నా వాడి ముందు అబద్ధం చెప్పినా, కుడిచెయ్యి దానంతట అదే తల మీదికి పోయి ఎడమ చెవి పట్టుకునేది. వాడికి తెలిసేది కాదు. పక్కనోళ్ళు నవ్వితే అప్పుడు దించేవాడు.

ఆ చేతులు ఊరికెంత పనికొచ్చినాయో చెప్తే నవ్వుతారు. ఆడికృత్తికకు తిరుత్తణి కొండకు కావిళ్ళు మోసుకోని జనం ఎగబడతారు కదా, తిరుగు బస్సులో సీటు దొరికేది కల్ల. మావాడు బస్సు నిలవకముందే కిటికీలోంచి చెయ్యి దూర్చి ఈ పక్క సీటు మీద ఒక తువ్వాలు, ఆ పక్క సీటు మీద ఒక తువ్వాలు వేసేసేవాడు. మా ఊరి ఆడోళ్ళంతా మహారాణుల మాదిరి ఎక్కి కూర్చునేవాళ్ళం. కండక్టరు, "ఎవురు ఈ తువ్వాళ్ళు వేసింది? మనిషా, కోతా?" అని అరిస్తే, వాడు కింద నిలబడుకోని ఆకాశం చూస్తా ఉండేవాడు. వాడికి మాత్రం సీటుండేది కాదు. ఎప్పుడూ నిలబడే వచ్చినాడు.

అరక్కోణం రైలు క్వార్టర్సు పిల్లకాయలు మా పక్కకు కాలిబంతాట తెచ్చినారు. ఎండిన చెరువులో రెండు రాళ్ళు పెట్టి గోలు అనినారు. మావాడు బంతి ఆపే గోలీగా ఆ రాళ్ళ మధ్య నిలబడినాడు. అంతే, ఇంక అక్కడనుంచి వాణ్ణి ఎవరూ పీకలేకపోయినారు. బంతి యాడికి కొట్టినా అక్కడ వాడి చెయ్యి ఉండేది. "ఒరే, వీడికి చేతులు రెండా, నాలుగా?" అని ఎదుటోళ్ళు తగువుకొచ్చేవాళ్ళు. పొన్నేరిలో ఒక ఆటకు పోతే, ఓడిపోయినోళ్ళు పందెం వద్దు ఏమీ వద్దు, ఈ పిల్లోణ్ణి మాకిచ్చేయండి అనినారంట.

వాడు ఎనిమిదో తొమ్మిదో చదివేటప్పుడు మన దేశపు కుర్రాళ్ళ జట్టు ఆసియా పోటీకి పోయింది. చివరాటలో ఇరాను వాళ్ళతో సమానంగా నిలిచింది. ఇద్దరికీ కలిపి ఒకటే కప్పు ఇచ్చినారు. తిరుత్తణిలో టీ అంగడి రేడియోలో అరవం వార్తల్లో చెప్పినారు. నేను, వాడు ఉప్పు, చింతపండు కొనేదానికి పోయింటిమి. వాడు ఆ అంగడి ముందరే నిలబడిపోయినాడు.

"అంటే సగం కప్పు మనదేనా అన్నా?" అని టీ మాష్టర్ని అడిగినాడు.

"సగమే తంబీ. సగం వాళ్ళది."

వాడి చెయ్యి తల మీదికి పోయింది. చెవి పట్టుకోని కొంచేపు ఆలోచించినాడు. "సరే. సగం మనదే. మిగతా సగం నేను పోయి తెస్తా" అన్నాడు.

అంగడంతా నవ్వింది. నేనూ నవ్వితిని. నవ్వులాటకన్న మాట కాదు వాడిది. ఆ పొద్దు నుంచి వాడికి బతుకులో ఇంకేమీ వద్దు, ఆ కుర్రాళ్ళ జట్టులో గోలు ముందర నిలబడాల, ఆ మిగతా సగం తేవాల. వాన పడినా, జొరమొచ్చినా చెరువులోనే ఉండేవాడు. ఊర్లో వాడి పేరే పోయి, "ఏరా సగం కప్పూ" అని పిలిచేవాళ్ళు. వాడు కోపం తెచ్చుకునేవాడు కాదు. టీ మాత్రం ఎప్పుడూ సగం తాగలేదు. ఎవరన్నా ఒక టీ రెండుగా పోయమంటే, "నాకు వద్దన్నా, నాకు నిండుగా ఒకటి. సగం చూస్తే నాకు కడుపులో మండుతాది" అనేవాడు.

నన్ను తిరువళ్ళూరుకిచ్చినారు. వాడు జిల్లా జట్టుకు, తర్వాత రాష్ట్రం పిల్లకాయల జట్టుకు ఆడి, దేశపు కుర్రాళ్ళ జట్టుకు ఆటగాళ్ళను ఎంచేదానికి మద్రాసులో పరీక్ష పెడితే, పిలుపు వచ్చింది. మా ఊరినుంచి మద్రాసు దూరమని మా ఇంట్లోనే ఉండి, పొద్దున్నే రైలెక్కి పోయేవాడు. కడాపటి దినం నేను పెరుగన్నం కట్టుకోని వాడితో పోతిని. ఆటల గ్రౌండులో ఆడదానికేం పని అని మా అత్త గొణిగింది. గొణుగుకోనీ. నా తమ్ముడు ఆడేది నేను చూడకపోతే ఇంకెవరు చూస్తారు?

ఆహా, ఆ పొద్దు ఆడినాడు చూడండి! నాకు ఆట తెలీదు. బంతి కొట్టినోడు తల పట్టుకుంటే మావాడు ఆపినాడని, అంతే నా లెక్క. ఆ పొద్దు తలలు పట్టుకోనోడు లేడు. ఎదురుగా కుర్చీల్లో కూర్చున్న పెద్ద మనుషులు కూడా లేచి నిలబడినారు.

నా పక్కన నీడలో చంకలో బిడ్డనేసుకోని ఒక పిల్ల కూర్చోని ఉండాది. మాటల్లో మాట, "మీ తమ్ముడా అక్కా గోలీ? అదో, ఆ ఎర్ర బనీను మా ఇంటాయన" అని చూపించింది. చూస్తే ఆ ఎర్ర బనీనుకు పొద్దున గీసిన గడ్డం మధ్యాన్నానికే నల్లగా మొలుచుకొచ్చింది. "ఈ బిడ్డ రెండోది అక్కా. పెద్దోడు మా అమ్మ దగ్గరుండాడు" అని సిగ్గుపడింది. ఆ రెండు బిడ్డల తండ్రి కాయితంలో పదహారేండ్ల పసిబాలుడు! పాలు తాగతాడంట, ఉగ్గు పెట్టండి!

ఆట అయినాక కాయితాలు చూసే బల్ల దగ్గరికి పోయినాము. ఎర్ర బనీను కాయితం చూసి, ముద్ర కొట్టి, పో అనినారు. మావాడి బడి సర్టిఫికెట్టు చూసి ఆ ఆఫీసరు పెదవి విరిచినాడు.

"తంబీ, నీకు వయసు దాటిపోయింది. కొన్ని నెలలే, కాని దాటిపోయింది."

"లేదు సార్. నాకింకా ఏడాదికి పైన ఉండాది. అది బడిలో ఊరికే వేసిన తేదీ సార్. చెవి అందిందని వేసినారు."

"ఏం అందింది?"

"చెవి సార్." వాడు పిచ్చినాయాలు, చెయ్యి తల మీదుగా తిప్పి, చెవి పట్టుకోని చూపించినాడు. దాటి దవడ దాకా పోయింది. బల్ల చుట్టూ ఉన్నోళ్ళంతా పగలబడి నవ్వినారు. ఒకడైతే కుర్చీలోనుంచి పడబోయినాడు. ఇంతసేపూ ఆ చేతులనే చూసి చప్పట్లు కొట్టిన మనుషులు వీళ్ళు. ఆ చేతులు పొడుగు కాబట్టే గోలీ అయినాడు, ఆ చేతులు పొడుగు కాబట్టే వయసు దాటినాడు. ఇది న్యాయమా? నేను ఎర్ర బనీను వైపు చెయ్యి చూపించి, "ఏమయ్యా, ఆ బాలుడి పెండ్లాం..." అని నోరు తెరిస్తిని. మావాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"వద్దక్కా. ఆ అన్నకు ఆటలో గెలిస్తే ఉద్యోగం వస్తాదంట. నాది నాకిస్తే చాలు, ఆయనది పీకేదెందుకు?"

ఆఫీసరు మరీ చెడ్డోడు కాదు. వారం గడువిచ్చినాడు. "పుట్టిన సర్టిఫికెట్టు తే. లేదంటే ఆ బడి హెడ్మాష్టరు నేను తప్పు రాసినానని ఒక మాట రాసిస్తే చాలు. నీకోసం కాచుకుంటా" అన్నాడు.

ఆ వారం తిరిగిన తిరుగుడు పగవాడికి కూడా వద్దు. తిరుత్తణి తాలూకా ఆఫీసులో అడిగితే, తాలూకా మారిన ఆ నెలల పుట్టుకల దస్తరం చిత్తూరులోనే ఉండిపోయింది, పోయి అడగండి అనినారు. చిత్తూరుకు పోతే, తిరుత్తణివి అన్నీ చెంగల్పట్టుకు పంపేసినాము అనినారు. చెంగల్పట్టులో, మాకు అరవంలో మొదలుపెట్టినప్పట్నించే ఉండాయి, తెలుగువి మాకు రాలేదు అనినారు. రెండు రాష్ట్రాలు తాలూకా కావాలని కొట్లాడుకున్నాయి కదా, నాదంటే నాదని! ఆ తాలూకాలో పుట్టిన పిల్లోడు మాత్రం వీళ్ళకూ వద్దు, వాళ్ళకూ వద్దు.

ఇంక మిగిలింది ఆ తేదీ వేసిన అయివోరు, అప్పటి హెడ్మాష్టరూ ఆయనే. ఆయన రిటైరయి తిరుత్తణిలో కొండ కింద ఇల్లు కట్టుకోని ఉండాడు. పండ్లు, తమలపాకులు తీసుకోని పోతిమి. వాణ్ణి చూసి మురిసిపోయినాడు. "నా శిష్యుడు! పేపర్లో పేరు చూసినాన్రా!" అని వీపు తట్టినాడు. వచ్చిన పని చెప్పేసరికి మొహం మాడిపోయింది.

"నేను తప్పు రాసినానని నా చేత్తో నేనే రాసియ్యాలా? చెవి అందింది. అందరూ చూసినారు. అందిన చెవికి అయిదేండ్లు."

"అయివోరా, నీకు తెలుసు కదా" అంటిని నేను. "వీడు పుట్టిన పొద్దు నువ్వు బోర్డు కింద నిచ్చెన పట్టుకోని ఉండావు. నేను నిచ్చెన కింద దూరితే నన్ను తిట్టినావు. బోర్డు మారింది తాలూకా మారినాక. నువ్వేసిన తేదీ తాలూకా మారకముందుది. ఎట్ల కుదురుతాది?"

"ఆ బోర్డుకు తేదీ ఉండాదా? ఉంటే తే."

"నీ మనసుకు ఉండాది కదా!"

"మనసును బట్టి రాసిస్తారా అమ్మీ? ఇప్పుడు వీడికొకడికి రాసిస్తే రేపు ఊరంతా వచ్చి నిలబడుతుంది. నేను రాసిన పిల్లకాయలంతా తప్పేనా? నా పింఛను గతేంది?" అని లేచినాడు. పోతా పోతా ఒక మాట అన్నాడు, ఇప్పటికీ తలుచుకుంటే నాకు వొళ్ళు మండిపోతాది. "చెయ్యెత్తి చెవి పట్టుకునింది వాడే కదా. నేను పట్టించినానా?"

మూడున్నరేండ్ల బిడ్డ! అన్నం కోసం చెయ్యెత్తినోడు! వాడి మీదికి తోసేసినాడు ఆ పెద్దమనిషి. నేను గడపలో నిలబడుకోని నోటికొచ్చింది తిడతా ఉంటే, మావాడు ఏం చేసినాడో తెలుసా? ఆయన కాళ్ళకు మొక్కి వచ్చినాడు. "ఎందుకురా మొక్కినావు?" అంటే, "అక్షరం నేర్పింది ఆయనే కదక్కా" అన్నాడు. వాణ్ణి అక్కడే రెండు పీకాలనిపించింది నాకు.

గడువు ముగిసేదానికి ముందు మా ఇంటాయన ఒక దారి కనుక్కోని వచ్చినాడు. తిరువళ్ళూరు కోర్టు పక్కన టైపు కొట్టే మనిషి ఒకడు వయసు కాయితాలు పుట్టించి ఇస్తాడంట. పోయి అడిగితే, "మూడేండ్లు తగ్గించి ఇస్తా" అన్నాడు. మూడేండ్లు వద్దు సామీ, మాకు ఏడాదిన్నరే చాలు, నిజమైన వయసు ఏదో అదే వెయ్యమంటే, "అందరికీ మూడేండ్లే తగ్గించేది. నిజం వయసు వేసేదానికి నా దగ్గరికెందుకు వస్తిరి?" అని ఆయనకే కోపం. నవ్వాల్నా, ఏడవాల్నా?

మా ఇంటాయన సరే అన్నాడు. నేను సరే అంటిని. వీడే ఒప్పుకోలేదు. చెవి పట్టుకోని ఆ టైపు మిషను వైపు చూస్తా నిలబడినాడు. "అది నా వయసు కాదు కదక్కా. ఎవరిదో. ఎవడి వయసో వేసుకోని నేను పోయి కప్పు తెస్తే, అది మనదెట్లవుతాది?" అన్నాడు.

ఊర్లో తర్వాత అందరూ మెచ్చుకున్నారు. నిజాయితీ అంటే అట్లుండాల అన్నారు. మెచ్చుకోడానికి ఏం పోతాది? నాకు మాత్రం ఆ పొద్దూ కోపమే, ఈ పొద్దూ కోపమే. ఊరంతా అబద్ధం ఆడే చోట ఒక్కడే నిజం పట్టుకోని నిలబడితే ఆ బరువంతా వాడి నెత్తినే పడుతుంది. ఇంకొకడికి చీమ కూడా కుట్టదు. అయివోరికి పింఛను వచ్చింది. ఎర్ర బనీనుకు ఉద్యోగం వచ్చింది. మావాడు తిరువళ్ళూరు పక్కన ఫ్యాక్టరీలో ఇనప రేకులు కోసే పనికి చేరినాడు.

ఆ జట్టు పోయింది, ఉత్త చేతులతో తిరిగొచ్చింది. క్యాంటీన్లో ఎవరో పేపరు చదివి చెప్పినారంట. ఆ మాపు వాడు గ్రౌండుకు పోయి గోలు ముందర నిలబడి, పిల్లకాయలను కొట్టమన్నాడు. చీకటి పడేదాకా కొట్టించుకున్నాడు, ఒక్కటీ వదల్లేదంట. ఇంటికొచ్చి నాతో ఒకటే మాట అన్నాడు. "సగం అట్లే ఉండాదక్కా, భద్రంగా." నేను లోపలికిపోయి కొంగు నోట్లో కుక్కోని ఏడిస్తిని.

అప్పట్నించి వాడు మిగతా సగం తెస్తాననే మాట మానేసినాడు. "సగం మనదే" అని మాత్రం అనేవాడు. మన కుర్రాళ్ళ జట్టు యాడన్నా ఓడిపోతే, ఎవరన్నా, "ఛీ, మనోళ్ళు దేనికీ పనికిరారు" అంటే, ఊరుకునేవాడు కాదు. "సగం మనదే. ఎవరూ వెనక్కి తీసుకోలేదు" అనేవాడు. నిజమే కదా. ఆ సగం కప్పు తప్ప ఆసియాలో మన కుర్రాళ్ళు ఇంకో కప్పు తెచ్చినారా, మీరే చెప్పండి. ఎట్ల తెస్తారు? మావాడి మాదిరి ఎంతమందిని ఏ ఏ ఊర్లలో ఏ ఏ బల్లల దగ్గర నవ్వి పంపేసినారో!

ఫ్యాక్టరీ పని అయినాక తిరువళ్ళూరులో పిల్లకాయలకు ఆట నేర్పేవాడు. పాండూరునుంచి, వెంగల్‌నుంచి కూడా సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు. వాడిదొక పద్ధతి ఉండేది. ఏ పిల్లోడినీ వయసెంత అని అడిగేవాడు కాదు, సర్టిఫికెట్టు చూసేవాడు కాదు. నేరుగా వాళ్ళ ఇంటికి పోయి వాళ్ళమ్మను అడిగేవాడు. "అక్కా, వీడు పుట్టినప్పుడు ఊర్లో ఏం జరిగింది?" అని. "మా వీధికి కరెంటు వచ్చింది అన్నా, ఆ వారమే" అని ఒకామె, "పెద్ద గాలివానకు మా దూడ చచ్చిపోయింది చూడు, దాని మర్నాడే" అని ఒకామె. వాడు పోయి ఆ కరెంటు ఎప్పుడొచ్చింది, ఆ గాలివాన ఎప్పుడొచ్చిందని నలుగుర్ని విచారించి, ముందే పోయి బడిలో తేదీ సరి చేయించేవాడు. అయివోర్ల గడపల్లో గంటలు గంటలు నిలబడేవాడు. "చెవి పట్టి రాసినారా సార్, అమ్మను అడిగి రాసినారా?" అని అడిగితే, వాడొస్తున్నాడంటేనే కొందరు లోపలికి పోయి తలుపేసుకునేవాళ్ళు.

ఇదంతా మంచే కదా అంటారు. ఎవరికి మంచి? వాడి పిల్లకాయలు నిజం వయసుతో పోతే, ఎదురుగా మీసాలు గీసుకున్న మొగోళ్ళు నిలబడేవాళ్ళు. వీళ్ళు ఎలుకపిల్లల మాదిరి వాళ్ళ కాళ్ళ సందుల్లో పడి నలిగి, జిల్లా దాటకుండానే తిరిగొచ్చేవాళ్ళు. ఒక దినం మా ఇంటి ముందరే ఒక పిల్లోడి నాయన వీణ్ణి నిలబెట్టి అడిగేసినాడు. "అన్నా, నువ్వు దేవుడివే, కాదనను. కాని నీ నిజం మా బిడ్డ కూడు తినింది. రెండేండ్లు తగ్గించి రాయించుంటే వాడికి ఈపాటికి రైల్వేలో ఉద్యోగం వచ్చేది."

వాడి చెయ్యి తల మీదికి పోయింది. చెవి పట్టుకునింది. ఆ మనిషి పోయినాక నన్నడిగినాడు. "అక్కా, నేను చేసేది తప్పా?"

"తప్పు నీది కాదురా" అంటిని. "తప్పు చేసినోళ్ళెవరూ ఇట్ల నిలబడి అడగరు."

ఫ్యాక్టరీవాళ్ళు వాణ్ణి ఏడాదిన్నర ముందే ఇంటికి పంపేసినారు. బడి తేదీ ప్రకారం ఆ పొద్దుకే వయసైపోయిందంట. ఆ దినం నిండు గ్లాసు టీ ముందర పెట్టుకోని, "చూసినావా అక్కా, ఆడేదానికీ వయసు దాటింది, పని చేసేదానికీ వయసు దాటింది. నేనింకా యాడనో వెనకాలే నడుస్తా ఉండాను" అని నవ్వినాడు. వాడికి నవ్వొస్తాది. నాకు రాదు.

ఇప్పుడు ఈ పోస్టరు. అక్కడే నిలబడి వాడి కొడుక్కు ఫోన్ చేస్తిని. "ఏంరా, మీ నాయన ఎప్పుడు పుట్టినాడో నీకు తెలీదా?"

"తెలుసు అత్తా. నాయన చెప్పినాడు. కాని ఆధార్లో, పింఛను కాయితంలో అంతా ఆ తేదీనే ఉండాది. వేరేది వేస్తే రేపు చావు సర్టిఫికెట్టుకు తకరారొస్తాదని అనినారు."

వాణ్ణి తిట్టి ఏం లాభం? ఫోన్ పెట్టేస్తిని. కాని నా కడుపు మంట చల్లారలేదు. ఆడాల్సినప్పుడు ఏడాదిన్నర లాగేసినారు. ఇప్పుడు చచ్చినాక ఆ ఏడాదిన్నరనే ఆయుష్షులో కలిపి లెక్క చూపిస్తా ఉండారు. వాడు బతకని దినాలు కూడా బతికినాడంట!

జిగురు ఇంకా తడిగానే ఉండాది. గోరు పెట్టి ఆ పుట్టిన తేదీ ఉన్న చోట గీకి, ఆ పేలిక చింపేస్తిని. గోడ కనిపించింది. టీ అంగడాయన పరిగెత్తుకోని వచ్చినాడు.

"ఏం పెద్దమ్మా, చచ్చినోళ్ళ పోస్టరు చింపుతా ఉండావు? పాపం కదా!"

"తేదీ తప్పు నాయనా. ఈ మనిషి నా తమ్ముడు. ఆ తేదీకి వీడింకా పుట్టనే లేదు."

ఆయన ఫోటో వైపు చూసినాడు. "మన గోలీ సారా! ఇక్కడే నిలబడి టీ తాగేవాడు. ఎప్పుడూ నిండు గ్లాసే." రోజూ ధరలు రాసే సుద్దముక్క చెవి మీద నుంచి తీసినాడు. "ఖాళీగా ఉంటే బాగలేదు పెద్దమ్మా. సరైన తేదీ చెప్పు, రాస్తా."

ఏ తేదీ అని చెప్పేది? బోర్డు రాసిన పొద్దుకు తేదీ ఉండాదా, ఉంటే తే అని అడిగినాడు కదా ఆ మహానుభావుడు. నా దగ్గర అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

"తేదీ వద్దు నాయనా" అంటిని. "జట్టును ఎంచిన పొద్దు వీడికి ఆడే వయసుండింది అని రాయి."

రాసినాడు.